47 రోజులు, 7 టికెట్లు, ఒకే ఒక్క వాక్యం

కడప,
మే 31.

కస్టమర్ సర్వీస్ పెద్దవారికి,
(మీ పేరు తెలియదు. మూడుసార్లు అడిగాను, ఎవరూ చెప్పలేదు.)

విషయం: మీ వీడియో గేమ్ ఎక్స్‌పాన్షన్ పాస్ (ఆటలో కొత్త భాగం తెరిచే పాస్) గురించి. అంతకంటే ఎక్కువగా, మీ వాళ్ళ గురించి.

అయ్యా / అమ్మా,

నమస్కారం. మీ ఆటలో ఏం లోపముందో చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. లోపాలుంటాయి, మనుషులు చేసిన వస్తువే కదా. కోటిరెడ్డి సర్కిల్ దగ్గర నాకు మందుల షాపు ఉంది. కంపెనీ సీలు వేసి పంపిన స్ట్రిప్పులో కూడా ఒక్కోసారి పది మాత్రలకు తొమ్మిదే ఉంటాయి. ఆ తొమ్మిది మాత్రల స్ట్రిప్పు పట్టుకొని వచ్చిన మనిషితో నేను ఎలా మాట్లాడతానో తర్వాత చెప్తాను.

మా వాడు పదో తరగతి పరీక్షలు బాగా రాస్తే మీ ఆటకు కొత్తగా వచ్చిన ఎక్స్‌పాన్షన్ పాస్ కొనిస్తానని జనవరిలో మాటిచ్చాను. ఏప్రిల్ 12 రాత్రి రూ. 2,499 యూపీఐలో కట్టాను. బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. మీ స్టోర్‌లో 'కొనుగోలు పూర్తయింది' అని ఆకుపచ్చ టిక్కు కూడా పడింది. ఆట తెరిస్తే మ్యాప్‌లో ఉత్తరం వైపు కొత్త రాజ్యం మంచులో తెల్లగా కనిపిస్తోంది, కర్సర్ దాని మీద పెడితే చిన్న తాళం బొమ్మ. తాళం నొక్కితే 'పాస్ కొనండి' అంటుంది. సరేనని నొక్కితే స్టోర్‌కి తీసుకెళ్తుంది. స్టోరేమో 'ఇది ఇప్పటికే మీ దగ్గర ఉంది' అంటుంది. వెనక్కొస్తే మళ్ళీ తాళం. ఆ రాత్రి నేనూ మా వాడూ ఆ రెండు గుమ్మాల మధ్య ఎన్నిసార్లు తిరిగామో లెక్క లేదు.

సమస్య ఇంతే, నాలుగు ముక్కల్లో అయిపోయింది. దీన్ని మీ వాళ్ళకు చెప్పడానికి నాకు 47 రోజులు పట్టింది.

ఆ రాత్రే మీ చాట్ తెరిచాను. ముందు మెషీన్ పలకరించింది. పలకరింపు మాత్రం బాగుంది, వంక పెట్టను. 'మీ సమస్య నాకు అర్థమైంది' అని మూడు దారులు చూపించింది: పాస్‌వర్డ్ మర్చిపోయారా, కొత్త ఆఫర్లు చూస్తారా, ఖాతా తొలగించాలా. నాకు అర్థం కానిదల్లా దానికి ఏం అర్థమైందన్నదే. 'మనిషితో మాట్లాడాలి' అని ఐదుసార్లు టైప్ చేశాక మనిషి వచ్చాడు. ఆయన మొదటి మాట 'రీస్టార్ట్ చేశారా?' చేశానన్నాను. 'మళ్ళీ ఒకసారి చేయండి' అన్నాడు. చేసి వచ్చేసరికి చాట్ ముగిసిపోయింది, 'మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?' అన్న ప్రశ్న మాత్రం తెరమీద మిగిలింది. పాపం చిన్న పిల్లాడై ఉంటాడని నాలుగిచ్చాను. ఆ నాలుగు నక్షత్రాలు ఇప్పుడు వెనక్కి కావాలి. అది కుదురుతుందా?

ఏప్రిల్ 16న రెండో ఆమె. ఆట మొత్తం తీసేసి మళ్ళీ వేసుకోమన్నారు. డిస్క్ నుంచి కాపీ అయ్యేది కాక అప్‌డేట్లే 40 జీబీ. ఏప్రిల్‌లో మా కడప ఎండ ఎలా ఉంటుందో మీకు తెలియకపోవచ్చు, ఆ నెలలో కరెంటు ఎలా ఉంటుందో అసలే తెలియదు. రాత్రి పదకొండుకు మొదలుపెడితే రెండుసార్లు కరెంటు పోయి, తెల్లారి ఏడింటికి పూర్తయింది. తాళం అలాగే ఉంది. పైగా 'మీ సేవ్ అంతా క్లౌడ్‌లో భద్రంగా ఉంటుంది' అని ఆమె హామీ ఇచ్చారు కదా, ఆ సేవ్, అంటే ఆడినంతవరకూ దాచిన ఆట, నాలుగు అధ్యాయాలు వెనకటిది. ఆ నాలుగు అధ్యాయాల్లో మా వాడు ఒక్క సైనికుణ్ణి కూడా పోగొట్టుకోకుండా గెలిచాడు. మీ ఆటలో చచ్చినవాడు మళ్ళీ లేవడు, ఆ సంగతి మీకు చెప్పక్కర్లేదు. పోనీలెండి, ఆ నష్టం నేను అడగడం లేదు.

తర్వాత స్క్రీన్ ఫొటో పంపమన్నారు. పంపాను. ఫొటో చాలదు, వీడియో కావాలన్నారు. మా వాడు టీవీ ముందు నిలబడి ఫోన్ పట్టుకుంటే నేను తాళం మీద నొక్కాను. వెనక మా ఆవిడ కుక్కర్ మూడో విజిల్ కూడా అందులో స్పష్టంగా వినిపిస్తుంది. అదీ పంపాను. రెండు రోజులకు మెయిల్ వచ్చింది: 'మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం. ఈ టికెట్ మూసివేస్తున్నాం.' టికెట్ అంటే మీ లెక్కలో నా ఫిర్యాదు. ఎవరికి పరిష్కారమైంది? మెయిల్‌కి జవాబు రాస్తే అది కొత్త టికెట్ అయింది. కొత్త టికెట్‌కి కొత్త మనిషి. కొత్త మనిషి మొదటి మాట, మీరు ఊహించే ఉంటారు, 'రీస్టార్ట్ చేశారా?'

మా షాపులో గోడకున్న మందుల కంపెనీ క్యాలెండర్ వెనక టికెట్ నంబర్లన్నీ రాసిపెట్టాను. ఏడున్నాయి. ఒక్కో నంబరు పన్నెండు అంకెలు. షాపుకొచ్చే వాళ్ళు చిట్టీల లెక్కలనుకుంటున్నారు.

ఫోన్ సంగతి వేరు. 'తెలుగు కోసం నాలుగు నొక్కండి' అంటే ప్రాణం లేచొచ్చింది. నొక్కాను. 38 నిమిషాలు సంగీతం. ఆ తర్వాత ఎత్తినాయన హిందీ. నాలుగు నొక్కానండీ అంటే నవ్వారు. సరే, మా కడప ఉర్దూలో చెప్పుకొచ్చాను. పెద్ద దర్గా ఉరుసుకు ఎక్కడెక్కడి నుంచో వచ్చే జనం నా షాపులో మందులు కొంటారు, వాళ్ళందరికీ నా ఉర్దూ అర్థమవుతుంది. ఆయనకు కాలేదు. 'పేమెంట్ ప్రాబ్లం, బ్యాంకుకు వెళ్ళండి' అన్నారు, లైన్ కట్ అయింది. కట్ అయిందో, చేశారో.

వెళ్ళాను. షాపు కుర్రాడికి అప్పజెప్పి, స్టేట్‌మెంట్ పట్టుకొని బ్యాంకులో గంటన్నర కూర్చున్నాను. మేనేజర్ గారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి 'ఆటకా?' అన్నారు. నా వెనక గోల్డ్ లోన్ కోసం నిలబడ్డ పెద్దాయన సంచీలో చెయ్యి అలాగే పెట్టుకొని నా మొహం చూశారు. నాకు 43 ఏళ్ళు. డబ్బు కంపెనీకి చేరిపోయిందని మేనేజర్ గారు కాగితం మీద రాసి, స్టాంపు వేసిచ్చారు. ఆ కాగితం మీకు పంపితే వచ్చిన జవాబు: 'మీ పేమెంట్ మాకు అందింది, ఇందులో ఏ సమస్యా లేదు.' లేదనే కదా నేను మొదటి రోజు నుంచీ మొత్తుకుంటున్నది!

ఒకావిడ చాలా మంచి సలహా ఇచ్చారు. మళ్ళీ ఇంకోసారి కొనండి, రెండోసారి కట్టింది తర్వాత చూద్దాం అన్నారు. దేవుడి మీద భారం వేసి దానికీ సిద్ధపడ్డాను. స్టోర్ ఒప్పుకోదే! 'ఇది ఇప్పటికే మీ దగ్గర ఉంది.' ఆ మాట చెబితే ఆవిడ నా ఓపికకు మెచ్చి 100 బంగారు నాణేలు కానుకగా వేశారు. ఆ నాణేలు ఎక్కడ చెల్లుతాయో తెలుసా? తాళం వేసిన ఆ ఉత్తర రాజ్యంలో.

ఇక పైస్థాయి టీం. 48 గంటల్లో ఫోన్ చేస్తారన్నారు. నేను స్నానానికి వెళ్ళినా ఫోన్ గుమ్మం దగ్గర పెట్టుకున్నాను. ఒకరోజు ఏదో కొత్త నంబరు నుంచి వస్తే తల తుడుచుకోకుండా పరిగెత్తుకొచ్చాను. పర్సనల్ లోన్ కావాలా అని. ఆ అమ్మాయి నాతో ఓపిగ్గా, తెలుగులో మాట్లాడింది. అది కూడా మీకు చెప్పాలనిపించింది. ఈలోగా మా వాడి రిజల్ట్స్ కూడా వచ్చేశాయి. స్వీట్లు పంచాం. కానుక మాత్రం తాళం లోపలే ఉంది. 'నాన్నా, ఈసారి వాళ్ళనే రీస్టార్ట్ చేయమని చెప్పు' అన్నాడు వాడు.

మా జిల్లా నుంచి కడప బండలు ఎక్కడెక్కడి ఇళ్ళకో వెళ్తాయి, మీ ఆఫీసులో కూడా కాళ్ళ కింద ఉండే ఉంటాయి. ఆ బండకు నా గోడు చెప్పుకున్నా ఎండకైనా వేడెక్కేది.

మే 29. నలభై ఏడో రోజు. ఎనిమిదో మనిషి. ఎవరో గానీ, రీస్టార్ట్ అనలేదు. డిస్క్ అంచున ఉన్న కోడ్ ఫొటో తీసి పంపమన్నారు. పంపిన రెండు నిమిషాల్లో ఒక్క వాక్యం వచ్చింది: 'మీ డిస్క్ వేరే రీజియన్‌ది, పాస్ ఇండియా స్టోర్‌ది, ఈ రెండూ కలవవు.'

అంతే. డిస్క్ మా బావమరిది పోయినేడు సెలవుకు వస్తూ కువైట్ నుంచి తెచ్చాడు. కడప జిల్లాలో కువైట్ వస్తువు రాని వీధి ఉంటే నాకు చూపించండి. రీజియన్ కలవకపోతే కలవదు, అది మీ పద్ధతి, నేను తప్పు పట్టను. కానీ ఆ డిస్క్ పెట్టిన గేమ్ మెషీన్ నుంచే నేను స్టోర్ తెరిచి డబ్బు కట్టాను కదా, ఆ ఒక్క ముక్క అప్పుడే తెర మీద వేస్తే ఏం పోయేది? పోనీ, మొదటి రాత్రి ఆ కుర్రాడైనా 'డిస్క్ ఎక్కడిది సార్' అని ఒక్క మాట అడిగి ఉండొచ్చు కదా. వేరే ఊళ్ళో మందులు రాయించుకొని నా షాపుకొచ్చే వాళ్ళను నేను ముందు అడిగేది అదే: 'ఎక్కడ రాయించారు?'

సరే, డబ్బు వెనక్కివ్వండి అన్నాను. 'కొన్న 14 రోజుల్లోపే రీఫండ్ సార్, గడువు దాటిపోయింది.'

ఈ వాక్యం చదివినప్పుడు నేను షాపులో ఉన్నాను. ఎదురుగా ఒక ముసలమ్మ బీపీ మాత్రల కోసం నిలబడి ఉంది. రెండుసార్లు పిలిచిందట, నాకు వినపడలేదు. ఆ 14 రోజులూ నేనేం చేశాను? మీరు తీసేయమంటే తీసేశాను, వేసుకోమంటే వేసుకున్నాను, వీడియో తీయమంటే తీశాను. గడువు దాటించింది నేనా, మీరా?

ఇప్పుడు ఆ తొమ్మిది మాత్రల స్ట్రిప్పు సంగతి. అది పట్టుకొని ఎవరైనా వస్తే నేను ఇంకో స్ట్రిప్పు చేతిలో పెట్టి, ఏజెన్సీతో నేను తేల్చుకుంటాను. ఆ మనిషిని ఏజెన్సీకి పొమ్మనను. ఎన్ని నక్షత్రాలిస్తావని అడగను. అందుకే ఇరవై ఏళ్ళుగా అదే వీధిలో ఉన్నాను.

మీకు కొత్త కస్టమర్లు వస్తూనే ఉంటారు, నాలాంటివాడు ఒకడు పోతే ఏమని అనుకుంటారేమో. ఏడు రోడ్ల దగ్గర నెట్ సెంటర్‌లో గంటకు 20 రూపాయలు పెట్టి ఒక్కో ఎత్తు ఆలోచించుకుంటూ ఇలాంటి ఆటలు ఆడినవాణ్ణి. 50 రూపాయలకు దొంగ సీడీ దొరికే రోజుల్లో, స్నేహితులు నవ్వుతుంటే, మీ ఆట పూర్తి ధర పెట్టి కొన్నాను. ఆ తర్వాత ఇంకో రెండు. వాటికి వచ్చిన ఎక్స్‌పాన్షన్లన్నీ కొన్నాను, ఒక్కటి కూడా డిస్కౌంట్‌కి ఆగలేదు. మా వాడికి ఈ పిచ్చి అంటించింది నేనే. వాడు ఇంకో ఇరవై ఏళ్ళు మీకు డబ్బు కట్టేవాడు.

మా షాపుకు షుగర్ మందుల కోసం వచ్చే లాయర్ గారు ఒకరున్నారు. ఆయన చెప్పినవి ఇవి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి, దానికి ఒక అధికారి ఉండాలి. (ఉన్నారా? ఆయన కూడా రీస్టార్ట్ అంటారా?) 2019 వినియోగదారుల చట్టం కింద నేను ఉన్న ఊళ్ళోనే, అంటే కడప జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయమన్నారు. ఆ నంబరు కూడా క్యాలెండర్ వెనకే రాశాను, మీ ఏడింటి కింద. అది నాలుగు అంకెలే, గుర్తుపెట్టుకోవడం సులువు.

కేసు వేస్తే 2,499 మాత్రమే అడగను. రాత్రి జాగారం, బ్యాంకులో గంటన్నర, ఆ పెద్దాయన చూసిన చూపు, అన్నీ కలిపి అడుగుతాను. మా వాడి స్నేహితులు పదకొండు మంది ఒక గ్రూపులో ఉన్నారు, ఆ వీడియో కుక్కర్ విజిల్‌తో సహా వాళ్ళకు వెళ్తుంది. కువైట్‌లో మా బావమరిది గదిలో ఆరుగురున్నారు, వాళ్ళకూ వెళ్తుంది. గేమ్ మెషీన్ అమ్మేస్తానని కూడా రాద్దామనుకున్నాను. మా వాడు వద్దన్నాడు.

డబ్బు వెనక్కివ్వండి, లేదా నా డిస్క్‌కు సరిపోయే పాస్ ఇవ్వండి, మీ ఇష్టం. ఏదిచ్చినా దానికి ముందు ఒక మనిషి నాకు ఫోన్ చేసి, తెలుగులో, 'మాదే పొరపాటండీ' అనాలి. నాణేలు వద్దు.

ఫోన్ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు లోపు చేయండి, ఈ ఎండలకు ఆ రెండు గంటలు షాపు మూసేస్తున్నాను. నేను నిద్రలో ఉంటే మా ఆవిడ ఎత్తుతుంది. ఆమెకు విషయమంతా తెలుసు. నాకంటే ఆమెకే కోపం ఎక్కువగా ఉంది, అది చూసుకొని మాట్లాడండి.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
కడప.