తనిఖీ మీది, అద్దె మాది: కేంద్ర మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి, చెన్నై నుంచి నమస్కారాలు.

కస్టమ్స్ పరీక్షకు ఆపిన రోజులకు కూడా కంటైనర్ అద్దె మా దిగుమతిదారుల చేతే కట్టించుకోవడం గురించి ఇది మా నాలుగో లేఖ. మొదటి మూడింటికీ ‘సంబంధిత విభాగానికి పంపాం’ అని జవాబొచ్చింది. ఆ విభాగం ఏదో చెప్పి ఉంటే నేరుగా దాన్నే విసిగించేవాళ్లం.

ఓడ సరుకుల మానిఫెస్టుపై కస్టమ్స్ తెచ్చిన 2018 నిబంధనల్లోని 10(1)(ఎల్) మీకు కొత్త కాదు. కస్టమ్స్ ఆపిన సరుకు పత్రాల్లో రాసినట్టే ఉందని తేలితే, 60 రోజుల దాకా షిప్పింగ్ లైన్ (ఓడ కంపెనీ) కంటైనర్ డిటెన్షన్, అంటే పెట్టె తిరిగివ్వడం ఆలస్యమైనందుకు వేసే రుసుము, అడగకూడదు. కస్టమ్స్ ప్రాంతాల్లో సరుకు నిర్వహణపై వచ్చిన 2009 నిబంధనల్లోని 6(1)(ఎల్) ప్రకారం సీఎఫ్‌ఎస్ (ఓడరేవు బయట కంటైనర్లు ఉంచి పరీక్షించే యార్డు) కూడా అద్దె వేయకూడదు. చదువుకోవడానికి ఎంత బాగుందో!

మెషిన్లలో వాడే బాల్‌స్క్రూలు, స్పిండిల్ బేరింగులు ఉన్న కంటైనర్ వస్తుంది. కస్టమ్స్ కంప్యూటర్ సిస్టమ్ దాన్ని పరీక్షకు ఎంచుకుంటుంది. ఎంచుకోవద్దని మేం అనడం లేదు. స్కానింగ్‌కు ఒక క్యూ. సీఎఫ్‌ఎస్‌లో సరుకు దింపే మనుషుల కోసం ఎదురుచూపు. అధికారి వచ్చాక ఆయన అడిగిన క్యాటలాగ్ కోసం సప్లయర్‌కు మెయిల్. సగం దింపి చూసి మళ్లీ ఎక్కిస్తారు కాబట్టి పెట్టె ఖాళీ చేసి లైన్‌కు అప్పగించే దారీ లేదు. ఈలోగా ఫ్రీ డేస్, అంటే లైన్ పెట్టెను రుసుము లేకుండా ఉంచుకోనిచ్చే రోజులు, అయిపోతాయి. ఆపైన మీటరు డాలర్లలో తిరుగుతుంది, స్లాబు మారినకొద్దీ రేటు పెరుగుతుంది.

చివరికి సరుకు సవ్యంగానే ఉందని ఔట్ ఆఫ్ చార్జ్ (సరుకు వదిలే కస్టమ్స్ ఉత్తర్వు) ఇస్తారు. డీవో (పెట్టె తీసుకెళ్లడానికి లైన్ ఇచ్చే డెలివరీ ఆర్డర్) గడువు పొడిగించమని వెళ్తే లైన్ ఏజెంటు, ‘పరీక్షకు ఆపడం నిబంధనలో చెప్పిన కస్టమ్స్ ఆపడం కిందికి రాదండీ, ఆపినట్టు అధికారి దగ్గర సర్టిఫికెట్ తెండి’ అంటాడు. అర్జీ పెడితే ఫైలు వారాల తరబడి తిరుగుతుంది. ఆ సర్టిఫికెట్ తెచ్చినా, ‘మా ప్రిన్సిపాల్ (అసలు ఓడ కంపెనీ) విదేశంలో ఉన్నారు, ముందు కట్టండి, రీఫండ్ సంగతి తర్వాత’ అంటాడు. డీవో లేనిదే పెట్టె గేటు దాటదు. కట్టక ఏం చేస్తాం?

మా ఆలస్యానికి మాత్రం లెక్క పక్కాగా ఉంది. బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాల పత్రం) మామూలుగా ఓడ రావడానికి ముందు రోజుకల్లా వేయాలి. తప్పితే మొదటి 3 రోజులూ రోజుకు 5,000 రూపాయలు, ఆ తర్వాత రోజుకు 10,000. పది రోజులైతే 85,000. సుంకం కట్టడం ఆలస్యమైతే 15 శాతం వడ్డీ. సర్టిఫికెట్ ఆలస్యమైతే రోజుకు ఎంతో, ఎవరు కడతారో కూడా ఒక నోటిఫికేషన్ ఇప్పిస్తే చదువుకుంటాం.

డబ్బు ఒక్కటే కాదు. బేరింగుకు నూనె పూసి, తుప్పు ఆపే వీసీఐ కవర్లో సీలు చేసి పంపుతారు. పరీక్షలో ఆ కవరును బ్లేడుతో కోస్తారు, ఉత్త చేతుల్తో తిప్పి చూస్తారు, బ్రౌన్ టేపు అంటించి మూస్తారు. ఆపైన సముద్రపు గాలిలో యార్డులో ఎదురుచూపు. ఫ్యాక్టరీలో విప్పితే రేస్ (బేరింగులో గుండ్లు దొర్లే దారి) మీద ముదురు గోధుమ రంగులో వేలిముద్ర, గీతలతో సహా కనిపిస్తుంది. చెమటలోని ఉప్పు చేసే పని అది. ఆ బేరింగును స్పిండిల్‌లో వేయలేం. బదులుది విమానంలో తెప్పించాలి, అది వచ్చేదాకా అంబత్తూరులోని మా ఫ్యాక్టరీలో మెషిన్ ఆగుతుంది. ఒరగడం అనే ఊళ్లో కస్టమర్ ఉత్పత్తి లైన్ కూడా ఆగితే డెబిట్ నోట్ (ఆ నష్టం మా ఖాతాలో వేసే చీటీ) మాకే. ఒక జత గ్లవ్స్, హీట్ సీలర్ ఒకటి సీఎఫ్‌ఎస్‌లో ఉంటే చాలు, అదేమంత ఖర్చు?

2023 చివర్లో ఎర్రసముద్రంలో దాడులు మొదలయ్యాక యూరప్ ఓడలు ఆఫ్రికాను చుట్టి రావడం మొదలుపెట్టాయి. అందుకు మా స్టాకు లెక్కలు మార్చుకున్నాం. ఓడరేవు నుంచి అంబత్తూరుకు పట్టుమని ఇరవై కిలోమీటర్లు ఉండవు. ఈ ఇరవైకి ఎన్ని రోజుల స్టాకు పెట్టుకోవాలో ఏ లెక్కకూ అందడం లేదు. (ఓడరేవు నుంచి మదురవాయల్‌కు వేయాల్సిన ఎత్తు వంతెన గురించి అడగం. దానికి 2009లో ఒకసారి, 2022లో ఒకసారి శంకుస్థాపన జరిగింది కాబట్టి పునాది గట్టిగానే ఉండి ఉంటుంది.)

మేం అడిగేది ఒక్కటే. సరుకు సవ్యమని ఔట్ ఆఫ్ చార్జ్ ఇచ్చిన క్షణంలోనే, పరీక్షకు ఎన్ని రోజులు ఆపారో లెక్కవేసి సర్టిఫికెట్ ఐస్‌గేట్‌లో (కస్టమ్స్ వెబ్ పోర్టల్‌లో) దానంతటదే రావాలి. ఎంచుకున్న రోజూ వదిలిన రోజూ సిస్టమ్‌లో ఉన్నవే. అది చూశాక లైన్లు ఆ రోజులకు డబ్బు కట్టించుకోకుండా డీవో ఇవ్వాలి. ముందు కట్టి తర్వాత అడుక్కోవడం వద్దు. దయచేసి ఇది సంబంధిత విభాగానికి పంపకండి, మీరే చదవండి.

సర్టిఫికెట్ల కోసం పెట్టిన అర్జీల నకళ్లు జతచేశాం. మీ టేబుల్ మీద ఉన్నన్నాళ్లూ వాటికి అద్దె పడదనే అనుకుంటున్నాం.

ఇట్లు,
చెన్నైలోని చిన్న పరిశ్రమల తెలుగు దిగుమతిదారులు