ఉతికిన బట్టకు మైల మూట తగలనివ్వకు

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మొన్న రాత్రి నువ్వు ఫోనులో గొంతు తగ్గించి "నాన్నా, మా గదిలో ముగ్గురికీ గజ్జి పట్టింది, నర్సునై ఉండి ఈ మాట ఎవరితో చెప్పుకోను" అన్నావు. అప్పట్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. పక్కన పిల్లలున్నారని నువ్వు పూర్తిగా అడగలేదు, నేనూ విడమరిచి చెప్పలేకపోయాను. అందుకే కాగితం ముందు కూర్చున్నాను.

ముందు ఆ సిగ్గు వదిలెయ్యి. శుభ్రం లేనివాళ్లకే గజ్జి వస్తుందనేది ఉత్త మాట. ఒంటికి ఒళ్లు ఆనితే, ఒకే దుప్పటి కప్పుకుంటే ఎవరికైనా వస్తుంది. రోజంతా రోగుల్ని లేపి కూర్చోబెట్టి, పక్క మార్చి, ఒళ్లు తుడిచే చేతులు నీవి. మందు సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ముగ్గురూ ఒకే రోజు పూసుకోండి, అంతే. బట్టల సంగతి మాత్రం నా దగ్గర విను. తాత వెంట కాలవ రేవులో పదేళ్లు, ఆసుపత్రి ధోబీగా ఇరవై ఏడేళ్లు చేసిన పని ఇది.

తాతకు క్రిములంటే ఏమిటో తెలీదు. ఉబ్బ, అంటే బట్టల్ని ఆవిరికి ఉడకబెట్టడం, తెలుసు. నువ్వు పుట్టేసరికే అది పోయింది, చూసి ఉండవు. సాయంత్రం బట్టల్ని చౌడు మట్టి కలిపిన నీళ్లలో ముంచి తీసి, బాన మూతి చుట్టూ ఒకదాని మీద ఒకటి గోపురంలా పేర్చేవాడు. బాగా మాసినవి ఆవిరికి దగ్గరగా, పల్చటివి పైన. బాన కింద మంట. రాత్రంతా ఆవిరి ఆ పొరల్లోంచి పైకి పాకుతూ ఉండేది. తెల్లారుజామున కుప్ప విప్పుతుంటే వేడి మొహానికి కొట్టేది, పై గుడ్డ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది. పురిటి బట్టలైనా, అమ్మవారు పోసిన ఇంటి బట్టలైనా ఉబ్బకు పెట్టనిదే ఆయన బండ మీదికి తెచ్చేవాడు కాదు. ఎందుకని అడిగితే "ఉడకాల్రా" అనేవాడు.

ఆసుపత్రిలో చేరిన రోజు పెద్ద సిస్టరమ్మ మెషీను మీది మీటరు చూపించి, "ముల్లు 71 డిగ్రీలు దాటాక 25 నిమిషాలు, అంతకంటే ముందు తలుపు తియ్యకు" అంది. నాకు తాత మాటే గుర్తొచ్చింది. సబ్బు, నీళ్లు కలిసి గుడ్డను పట్టుకున్న మురికినీ క్రిముల్నీ చాలావరకు ఊడగొట్టి కాలవలోకి పంపేస్తాయి. పోకుండా మిగిలినవాటిని చంపేది వేడి. సర్ఫు ఘుమఘుమలాడితే గుడ్డ బాగుపడిందనుకోవద్దమ్మా, వాసన వాసనే. మీ హాస్టల్లో మెషీను చన్నీళ్లతో తిరిగేది కాబట్టి ఈ నాలుగు రోజులూ దాన్ని నమ్ముకోవద్దు.

మందు పూసుకునే రోజుకు ముందు మూడు రోజుల్లో ఒంటికి తగిలినవన్నీ తియ్యండి: దుప్పట్లు, గలీబులు, తువ్వాళ్లు, చున్నీలు, యూనిఫారాలు. దులపొద్దు. గుండెకు హత్తుకుని మొయ్యొద్దు. గజ్జి పురుగు 50 డిగ్రీలు దాటిన వేడిలో పది నిమిషాలుంటే గుడ్లతో సహా చస్తుంది. నీ దగ్గర మీటరు లేదు కదా, లెక్క చెప్తాను. బాగా మరిగిన నీళ్లు సగం, కుళాయి నీళ్లు సగం కలిపితే 60కి పైన ఉంటాయి. బట్టలు పడ్డాక కొంచెం తగ్గినా సరిపోతుంది. సర్ఫు వేసి, కర్రతో నొక్కి, మూత పెట్టి అరగంట వదిలెయ్యి. వేలు పెట్టి చూడాలనిపిస్తుంది, పెట్టకు, బొబ్బలెక్కుతాయి. నీళ్లు కాచే రాడ్డు వాడితే బట్టలు వెయ్యకముందే స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, అప్పుడే రాడ్డు తియ్యి. ఈ ఒక్కటి మాత్రం మర్చిపోనని నాకు మాటివ్వు.

ఉడుకు నీళ్లు తట్టుకోని బట్టలు, చెప్పులు, బ్యాగులు ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి వారం రోజులు పక్కన పెట్టండి. మనిషి ఒళ్లు దొరక్కపోతే ఆ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. మందు పనిచేశాక కూడా దురద రెండు మూడు వారాలు ఉండొచ్చు. అది చూసి భయపడి రోజూ గదంతా ఉతుక్కుంటూ కూర్చోకండి. తగ్గకుండా కొత్త పొక్కులు లేస్తే డాక్టరుకు చూపించుకోండి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. నీకు నాలుగేళ్లప్పుడు వేళ్ల సందుల్లో గజ్జి లేచి రాత్రుళ్లు ఏడ్చేదానివి. అమ్మ వేపాకు కాచి పోసేది, తగ్గేది కాదు. అప్పట్లో నేను డ్యూటీ అయ్యాక నాలుగిళ్ల బట్టలు కూడా ఉతికేవాణ్ని. మైల బట్టలు మోసుకొచ్చిన మూటగుడ్డలోనే ఉతికి ఇస్త్రీ చేసినవి మూటగట్టి తిరిగి ఇచ్చేవాణ్ని. ఆ మూటగుడ్డ రాత్రి నీ ఉయ్యాల పక్కనే పడి ఉండేది, చలేస్తే దాన్నే నీకు కప్పేవాళ్లం. ఒకరోజు సిస్టరమ్మ ఆ మూట చూసి, "ఇందులో వచ్చినవి ఉతుకుతున్నావు, మరి దీన్ని ఎప్పుడు ఉతికావు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నీకు అంటింది ఆ గుడ్డ నుంచేనని నా మనసుకు గట్టిగా అనిపిస్తుంది తల్లీ. ఆ రోజు నుంచి తెచ్చే సంచి వేరు, ఇచ్చే సంచి వేరు. విడిచిన బట్టలు పట్టుకున్న చెయ్యి సబ్బుతో కడగనిదే ఆరిన బట్ట ముట్టుకోలేదు.

నీ యూనిఫారానికీ అదే పద్ధతి. డ్యూటీ నుంచి రాగానే మార్చుకో, దాంతో మంచం మీద కూర్చోకు. మిగతావాటితో కలపకుండా విడిగా ఉతుకు. నెత్తురు మరకుంటే మాత్రం ముందు చన్నీళ్లలో జాడించు. వేడి తగిలితే నెత్తురు గుడ్డులోని తెల్లసొనలా గట్టిపడి నూలులో కూర్చుండిపోతుంది. అది వదిలాకే ఉడుకు నీళ్లు.

వాంతులు, విరేచనాల బట్టలైతే పైన ఉన్నది కాగితంతో తీసేసి, సర్ఫుతో ఉతికి, ఆ తర్వాతే బ్లీచింగు. మురికి ఉన్నప్పుడు పోస్తే ఆ మురికే బ్లీచింగును తినేస్తుంది. సీసా మీద 5 శాతం అని ఉంటే పది లీటర్ల బకెట్టుకు వంద మిల్లీలీటర్లు, చన్నీళ్లలో అరగంట. తర్వాత బాగా జాడించాలి. తెల్ల నూలు బట్టలకే సుమా, రంగువీ పట్టువీ పాడవుతాయి. బ్లీచింగును బాత్రూం కడిగే యాసిడ్‌తో మాత్రం ఎన్నడూ కలపకు, ఆ విషవాయువు ఊపిరి ఆడనివ్వదు.

ఈ ముసురులో ఆరేయడమే పెద్ద చిక్కని నాకు తెలుసు. తడిబట్టలు మెషీన్లో రాత్రంతా వదిలేస్తే ముక్కిన వాసన వస్తుంది, మళ్లీ ఉతకాల్సిందే. ఫ్యాను కింద దండెం కట్టి, ఒకదాని మీద ఒకటి పడకుండా ఎడంగా వెయ్యి. లోపలి బట్టలు, సాక్సులు చెమ్మగా ఉండగా తొడుక్కుంటే తామర పట్టుకుంటుంది. కుట్ల దగ్గర చెయ్యి పెట్టి చూడు, చెమ్మ దాక్కునేది అక్కడే. ఆ కుట్ల మీద ఇస్త్రీ పెట్టె కాసేపు ఆనించు. ఎండ వచ్చిన రోజు మాత్రం దుప్పట్లు మేడ మీదికి పట్టుకెళ్లి రెండువైపులా తిప్పి ఎండబెట్టు.

అమ్మ నీకోసం రెండు సంచులు కుట్టింది. ఒకటి నీలం, ఒకటి తెలుపు. రేపు బస్సులో పార్సిలు వేస్తాను. విడిచినవి నీలం దాంట్లో, ఉతికినవి తెల్లదాంట్లో. నీలం సంచిని కూడా బట్టలతో పాటే ఉడుకు నీళ్లలో వెయ్యి. నీ స్నేహితురాళ్లకు కూడా కుట్టమన్నాను. గుడ్డ తక్కువైంది, రెండ్రోజుల్లో పంపుతుంది.

పార్సిలు అందాక ఒక ఫోను చెయ్యి.

నీ నాన్న