ఓడితే జూదం, గెలిస్తే ధైర్యమా?

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ స్పోర్ట్స్ పేజీలో ఓ మూల అమెరికన్ ఫుట్‌బాల్ గురించి చిన్న వార్త వేశారు. ఫోర్త్ డౌన్‌లో, అంటే నాలుగో, ఆఖరి ప్రయత్నంలో, కోచ్ జూదమాడి మ్యాచ్ పోగొట్టాడని హెడ్డింగ్. ఎన్ని గజాలు కావాలి, బంతి ఎక్కడుంది, టైం ఎంత మిగిలింది, ఇవేవీ లేవు. ఓడాడు కాబట్టి జూదరి అయిపోయాడు, అంతే. పొద్దున్నే కాఫీ తాగుతూ చదివి ఒళ్లు మండింది, అందుకే ఈ ఉత్తరం.

మూసారాంబాగ్‌లో ఉండే రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగికి ఈ ఆట ఎందుకయ్యా అంటారేమో. 2024 జనవరిలో అమ్మాయి పురుడికని డెట్రాయిట్ దగ్గర ఉన్నాం. బయట మోకాళ్ల లోతు మంచు, లోపల మా ఆవిడ బాలింత పథ్యం వండుతుంటే మనవడు నా ఒళ్లో, ఎదురుగా టీవీలో ఈ ఆట. ఆ ఊరి టీం లయన్స్ 32 ఏళ్ల తర్వాత ప్లేఆఫ్‌లో ఒక మ్యాచ్ గెలిచింది ఆ నెలలోనే. వీధి వీధంతా నీలం టీషర్టులే, మన తెలుగు పిల్లలతో సహా.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. నాలుగు ప్రయత్నాల్లో బంతిని పది గజాలు ముందుకు తీసుకెళ్లాలి, తీసుకెళ్తే మళ్లీ నాలుగు ఇస్తారు. మూడు అయిపోయి ఇంకా రెండు గజాలు మిగిలాయనుకోండి, టెన్షన్ అక్కడ మొదలవుతుంది. బంతిని దూరంగా తన్నేసి అవతలి వాళ్లని వెనక్కి నెట్టొచ్చు, దాన్ని పంట్ అంటారు. దగ్గర్లో ఉంటే స్తంభాల మధ్యకి తన్ని మూడు పాయింట్లు తెచ్చుకోవచ్చు. లేదా ఆ రెండు గజాల కోసం తెగించొచ్చు, తప్పితే బంతి అక్కడికక్కడే అవతలి వాళ్లది.

జనవరి 28న లయన్స్‌కి శాన్‌ఫ్రాన్సిస్కోతో మ్యాచ్, గెలిస్తే సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, వాళ్లు చరిత్రలో ఎన్నడూ చేరని చోటు. సగం ఆటకి 24-7తో ముందున్నారు. మూడో క్వార్టర్లో 24-10 ఉండగా అవతలి వాళ్ల 28 గజాల గీత దగ్గర ఫోర్త్ డౌన్, రెండు గజాలు కావాలి. కోచ్ డాన్ క్యాంప్‌బెల్ మూడు పాయింట్ల కిక్ వద్దన్నాడు. బంతి ఆటగాడి చేతుల్లోకి వచ్చి మరీ జారిపోయింది. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లు వరసగా కొట్టి 27-24తో ముందుకెళ్లారు. మళ్లీ 30 గజాల దగ్గర ఫోర్త్ డౌన్, ఈసారి మూడు గజాలు, మళ్లీ తెగించాడు, మళ్లీ తప్పింది. చివరికి 34-31తో ఓడిపోయారు. ఒళ్లో పసివాడు నిద్రపోతున్నాడు కాబట్టి నోరు మూసుకున్నాను గానీ లేకపోతే ఆయన్ని తిట్టని తిట్టు ఉండేది కాదు.

"మామయ్యగారూ, మూడు పాయింట్లు చేతిలో ఉన్నట్టే అని మీరనుకుంటున్నారు, తన్నేది గీతకి వెనక నుంచి, స్తంభాలు గోల్ గీతకి ఇంకా అవతల, అది 45 గజాల పైచిలుకు కిక్, తప్పొచ్చు కదా" అన్నాడు మా అల్లుడు. ఆ రాత్రి పేపర్ మీద గీసి చూపించాడు. బర్కిలీలో ఎకనామిక్స్ ప్రొఫెసర్ డేవిడ్ రోమర్ 1998 నుంచి 2000 దాకా మూడు సీజన్ల మ్యాచ్‌లు తీసుకుని ఈ లెక్క వేశాడట, 2006లో అచ్చయింది. మొదటి క్వార్టర్ ఆటలే తీసుకున్నాడు, అప్పటికింకా స్కోరు, గడియారం మెదడుని తినెయ్యవు కాబట్టి. ఉదాహరణకి గోల్ గీతకి రెండు గజాల దూరంలో ఫోర్త్ డౌన్. తన్నితే దాదాపు ఖాయంగా మూడు. తెగిస్తే ఏడుసార్లకి ఓ మూడుసార్లు టచ్‌డౌన్, అంటే బంతితో గోల్ గీత దాటడం, ఆ తర్వాతి అదనపు కిక్‌తో కలిపి ఏడు పాయింట్లు. సగటున అదీ మూడే. రెండూ సమానమే కదా అనిపిస్తుంది. కానీ తప్పినా అవతలి వాళ్లు తమ గోడకి వీపు ఆనించుకుని రెండు గజాల దగ్గర మొదలెట్టాలి, ఇంకా 98 గజాలు పోవాలి. కాబట్టి తెగించడమే మేలు. ఆయన చూసిన ఆటల్లో సరిగ్గా ఈ పరిస్థితి తొమ్మిదిసార్లు వస్తే తొమ్మిదిసార్లూ కోచ్‌లు కిక్కే కొట్టించారు!

ఎందుకు కొట్టించారో మా అల్లుడికంటే నాకే బాగా తెలుసు. ముప్పై ఏళ్లు అప్పులిచ్చే సీట్లో కూర్చున్నాను. ఇచ్చిన అప్పు మొండి బాకీ అయితే చార్జిషీటు వస్తుంది, ఇవ్వని అప్పుకి ఎవరూ ఎవరికీ చార్జిషీటు ఇవ్వరు. కోచ్‌దీ అదే బతుకు. పంట్ కొట్టించి ఓడితే ఆటగాళ్లు ఓడిపోయారంటారు, తెగించి ఓడితే వాడి కొవ్వు అంటారు. 2009 నవంబర్లో న్యూ ఇంగ్లాండ్ కోచ్ బిల్ బెలిచిక్ 34-28తో ముందుండి, రెండు నిమిషాల ఆట ఉండగా, సొంత 28 గజాల దగ్గర తెగించి 35-34తో ఓడిపోతే, అప్పటికే మూడు సూపర్ బౌల్స్ గెలిచినవాడని కూడా చూడకుండా ఏకిపారేశారు. 2018 సూపర్ బౌల్లో ఫిలడెల్ఫియా కోచ్ డగ్ పెడర్సన్ గోల్ గీత ముందు ఫోర్త్ డౌన్‌లో మూడు పాయింట్లు వదిలేసి, బంతి విసరాల్సిన క్వార్టర్‌బ్యాక్ చేతే బంతి పట్టించి టచ్‌డౌన్ చేయించాడు. గెలిచాడు కాబట్టి మేధావి.

అంత దూరం ఎందుకు, మన మామూలు ఫుట్‌బాల్‌లో కోచ్ అంటే హైదరాబాద్‌లో ముందు గుర్తుకు రావాల్సింది అప్పటి భారత జట్టు కోచ్ రహీం సాబ్. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకి దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని తీసుకెళ్లి ఫార్వర్డ్‌గా ఆడించాడు. జర్నైల్ ఫైనల్లో కూడా గోల్ కొట్టాడు, దక్షిణ కొరియా మీద 2-1తో స్వర్ణం మనకొచ్చింది. అదే తప్పితే మన పేపర్లు ఆయన్ని ఏమనేవో నేను రాయక్కర్లేదు.

తెగించడమే ఎప్పుడూ కరెక్ట్ అని నేననడం లేదు. క్యాంప్‌బెల్ రెండోసారి కిక్ కొట్టించి స్కోరు సమం చేయాల్సిందని నాకిప్పటికీ అనిపిస్తుంది, మా అల్లుడు ఒప్పుకోడు. ఫోన్లో ఇప్పటికీ వాదించుకుంటాం. కానీ మేమిద్దరం గజాలు, నిమిషాలు చూసి వాదించుకుంటున్నాం, స్కోర్‌బోర్డు చూసి కాదు. మీ స్పోర్ట్స్ డెస్క్ వాళ్లు ఇంకో లైను రాసి ఆ వివరాలు ఇస్తే చాలు, జూదమో కాదో మేమే తేల్చుకుంటాం.

నా పంట్ ఒకటి చెప్పి ఆపేస్తాను. ఒకాయన గిర్నికి తడిపిండి మర ఇంకోటి పెట్టుకుంటానని అప్పుకొచ్చాడు. కాగితాల్లో చిన్న లోటుంది, లోటు పేరు చెప్పి తిప్పి పంపాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, ఆ ఏడాది నా రిపోర్టు కూడా బాగానే వచ్చింది. ఆయన చిట్టీ ఎత్తుకుని, బాగా నష్టానికే, మర కొన్నాడు. సంక్రాంతికి అరిసెల పిండి మేం అక్కడే పట్టిస్తాం. ఆయన నన్ను గుర్తుపడతాడు, నమస్తే సార్ అంటాడు, లైన్లో మాత్రం నిలబెడతాడు.

- ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, మూసారాంబాగ్, హైదరాబాద్