రోబో చేతికి స్పర్శ లేదు, స్కానింగ్ కన్నైనా ఇవ్వండి

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఎమ్‌ఎన్‌జె, నిమ్స్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లోకి రోబో రావడంతో పేదింటి ఆడవాళ్లకు కూడా చిన్న గాట్లతో క్యాన్సర్ ఆపరేషన్ జరిగే వీలు కలిగింది. దానికి తోడుగా వేలెడంత పరికరం ఒకటి, దాన్ని వాడుకోనిచ్చే ఉత్తర్వు ఒకటి అడుగుతున్నాం. ఆపరేషన్ మధ్యలో పొట్టలోకి దించి స్కానింగ్ చేసే ఆ పరికరం పేరు డ్రాప్-ఇన్ అల్ట్రాసౌండ్ ప్రోబ్.

పొట్ట తెరిచి చేసే ఆపరేషన్‌లో సర్జన్ కటి భాగంలోని రక్తనాళాల వెంట వేళ్లతో తడిమి చూస్తారు. క్యాన్సర్ పాకి గట్టిపడ్డ లింఫ్ గ్రంథి ఉంటే వేలికి తగులుతుంది. ఎక్కువగా వాడుకలో ఉన్న రోబోల్లో ఆ స్పర్శ, రోబోను నడిపే కన్సోల్ ముందు కూర్చున్న సర్జన్‌కు చేరదు. కెమెరా పైపైన ఉన్నదాన్నే చూపిస్తుంది, సిర వెనక కొవ్వులో దాగిన గ్రంథిని చూపలేదు. ముందే తీసిన సీటీలోనూ అడ్డుకొలత 10 మిల్లీమీటర్ల లోపు ఉంటే సాధారణంగా మామూలు గ్రంథి కిందే లెక్క.

గర్భసంచి లోపలి పొరకు వచ్చే ఎండోమెట్రియల్ క్యాన్సర్‌లో గ్రంథిని వెలిగించి చూపే ఐసీజీ రంగు పద్ధతి ఉంది కదా అని మీ సలహాదారులు అడగవచ్చు. ఉంది, అదే మొదటి మెట్టు. గర్భసంచి ముఖద్వారంలో గడియారం 3, 9 అంకెలు ఉండే చోట్ల రంగు ఎక్కిస్తే అది మొదట చేరే సెంటినెల్ గ్రంథి కెమెరాలో ఆకుపచ్చగా వెలుగుతుంది. 2017లో వెలువడిన ఫైర్స్ అధ్యయనంలో, గ్రంథి వెలిగిన వారిలో ఈ పద్ధతి వ్యాప్తిని 97.2 శాతం మేర పట్టుకుంది. అయితే కనీసం ఒక్క గ్రంథైనా వెలిగింది 86 శాతం మందిలోనే, రెండు వైపులా వెలిగింది 52 శాతం మందిలోనే. క్యాన్సర్‌తో నిండిపోయిన గ్రంథిలోకి దారి మూసుకుపోతుంది, రంగు పక్కదారి పడుతుంది. అంటే అన్నిటికన్నా చెడ్డ గ్రంథే వెలగకుండా ఉండిపోవచ్చు. అందుకే రంగు ఎక్కినా ఎక్కకపోయినా అనుమానం ఉన్న గ్రంథిని తీసి తీరాలంటుంది నియమం. ఆ అనుమానం కలగాలన్నా ముందు ఏదో ఒకటి కంటపడాలి కదా.

ప్రోబ్ చేసే పని అదే. పొట్టలోకి దారిచ్చే గొట్టాలను పోర్టులంటారు, రోబో సొంత పోర్టులు 8 మిల్లీమీటర్లవి. ప్రోబ్‌ను మాత్రం సహాయకుడి 12 మిల్లీమీటర్ల పోర్టు గుండా లోపలికి దించుతారు. వీపున ఉన్న రెక్కను రోబో పట్టుకారు పట్టుకుంటుంది. మణికట్టులా తిరిగే ఆ చేతితో ప్రోబ్‌ను రక్తనాళం మీద ఏ కోణంలోనైనా ఆనించవచ్చు. స్కానింగ్ బొమ్మ కన్సోల్‌లోనే, కెమెరా దృశ్యం కింద కనబడుతుంది. కటిలోని బాహ్య ఇలియాక్ రక్తనాళాల దగ్గర మొదలుపెట్టి, ఆబ్చురేటర్ గుంట, నాళాలు చీలే చోటు, కామన్ ఇలియాక్ మీదుగా, అవసరమైతే బృహద్ధమని పక్కన ఎడమ మూత్రపిండ సిర దాకా వెళ్లాలి.

మామూలు గ్రంథి తెరమీద చిక్కుడు గింజలా పొడుగ్గా, నడుమ తెల్లని చారతో కనబడుతుంది. క్యాన్సర్ చేరినదాంట్లో ఆ తెలుపు చెదిరిపోతుంది, గింజ శనగలా గుండ్రబడుతుంది, రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్‌లో రక్తం నడుమ నుంచి కాక అంచుల నుంచి ప్రవహిస్తుంది.

పొరపాట్లు ఎక్కడ జరుగుతాయో కూడా చెప్పాలి. రక్తనాళాలను కప్పే పెరిటోనియం పొరను తెరవకముందే స్కాన్ చేయాలి. కణజాలాన్ని కాల్చి కోసే కాటరీ వాడాక మిగిలే బుడగలు, మాడిన కణజాలం బొమ్మను మింగేస్తాయి. ప్రోబ్‌కు, కణజాలానికి మధ్య గాలి చేరకుండా కాస్త సెలైన్ పోయాలి. గట్టిగా నొక్కితే సిర అణిగి మాయమవుతుంది, వదిలితే తిరిగి నిండుతుంది. ఈ తేడా చూడకపోతే సిరనే గ్రంథి అనుకునే ప్రమాదం ఉంది. మూత్రనాళమూ అలాగే భ్రమపెడుతుంది, కాసేపు ఆగి దాని కదలిక చూడాలి. మన దేశంలో టీబీ గ్రంథులు క్యాన్సర్‌లాగే కనబడతాయి కాబట్టి బొమ్మ చూసి తీర్పు చెప్పకూడదు, గ్రంథిని తీసి ఫ్రోజెన్ సెక్షన్‌కు (గడ్డకట్టించి అప్పటికప్పుడే చేసే పరీక్షకు) పంపాలి. 2 మిల్లీమీటర్ల లోపు సూక్ష్మవ్యాప్తి స్కానింగ్‌కు అందదు. కాబట్టి ఇది సెంటినెల్ పద్ధతికి తోడే తప్ప బదులు కాదు.

మరొకటి. ముఖద్వార క్యాన్సర్‌కు రాడికల్ హిస్టరెక్టమీని (గర్భసంచిని చుట్టుపక్కల కణజాలంతో సహా తీసేసే ఆపరేషన్‌ను) రోబోతో చేయించమని మేం అడగడం లేదు. 2018 నాటి లాక్ అధ్యయనంలో నాలుగున్నరేళ్లకు వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు పొట్ట తెరిచి చేసిన వర్గంలో 96.5 శాతం, చిన్న గాట్ల వర్గంలో 86 శాతం. రోబో ఉంది కదా అని అన్నిటికీ వాడకూడదు.

ఇక ఉత్తర్వు సంగతి. లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం ప్రకారం ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి, నమోదైన కేంద్రానికే దాన్ని అమ్మాలి. ఆ చట్టాన్ని సడలించమని అడగం. ఆడపిల్లల ప్రాణం కాపాడేది అది. రేడియాలజీ గదిలోని యంత్రాన్ని అవసరమైనప్పుడు నెట్టుకొచ్చే దొంగదారి కూడా మాకొద్దు. క్యాన్సర్ థియేటర్ పేరుతోనే విడిగా యంత్రం, ధ్రువపత్రం, నడిపేవారి పేర్లు నమోదు చేయించండి. ఆ దరఖాస్తును జిల్లా స్థాయిలో ఇన్ని రోజుల్లో తేల్చాలని గడువు పెట్టండి.

ప్రోబ్‌లు రోబోకు రెండు చొప్పున కొనండి. వీటిని వేడి ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో పెడితే పాడైపోతాయి. తయారీదారు ఒప్పుకున్న తక్కువ ఉష్ణోగ్రత పద్ధతిలోనే శుద్ధి చేయాలి కాబట్టి, ఒకటి శుద్ధిలో ఉండగా రెండో రోగికి ఇంకొకటి కావాలి. టెండర్‌లో స్కానర్ వీడియో మన రోబో కన్సోల్‌లో కనబడి తీరాలన్న షరతు రాయించండి, బిల్లు చెల్లించే ముందే థియేటర్‌లో పెట్టి చూపించమనండి. రోబో ఆపరేషన్ ఉన్న రోజుల్లో ఒక రేడియాలజిస్టుకు, ఒక పాథాలజిస్టుకు థియేటర్ డ్యూటీ వేయండి. అనుమానం ఒక్క గ్రంథి మీదే అయితే దాన్ని తీసి అరగంటలో ఫలితం తెలుసుకోవచ్చు. ఏ సమాచారమూ లేక రెండు వైపులా గ్రంథులన్నీ ఊడ్చేస్తే కొందరికి కాలు జీవితాంతం వాచిపోతుంది. మోకాటి లోతు బురదలో నాట్లు వేసే మనిషికి ఆ కాలే బతుకుదెరువు.

ఇట్లు,
స్త్రీల క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, స్కానింగ్ చేసే కొందరు వైద్యులు