తుక్కు లారీ ఎక్కిన చరిత్ర

సంపాదకుడు గారికి,

కొత్తగా వస్తున్న దక్షిణ కోస్తా రైల్వే జోన్ గురించి రాస్తున్న వార్తలన్నీ ఏ డివిజన్ ఎటు పోతుంది, ఆదాయం ఎవరికి అనే లెక్కల చుట్టూనే తిరుగుతున్నాయి. ఆ లెక్కలూ కావాల్సిందే. కానీ దాని కోసం ఇప్పుడు విడిపోతున్న దక్షిణ మధ్య రైల్వే కూడా ముక్కలు అతికితే పుట్టిందే అన్న సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

1966 అక్టోబరు 2న దక్షిణ రైల్వే నుంచి విజయవాడ, హుబ్లీ డివిజన్లను, మధ్య రైల్వే నుంచి సికింద్రాబాద్, షోలాపూర్ డివిజన్లను తెచ్చి ఈ జోన్ కట్టారు. 1977లో షోలాపూర్ వెనక్కి పోయి గుంతకల్లు వచ్చింది. 2003లో హుబ్లీ నైరుతి రైల్వేకు వెళ్లింది. ఇంకా వెనక్కి వెళితే, దక్షిణ, మధ్య అనే ఆ రెండు పాత జోన్లూ 1951లో కంపెనీలను, సంస్థానాల రైల్వేలను కలిపి చేసినవే. 1874లో కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ చేరి, 1889కి బెజవాడ దాకా వచ్చిన నిజాం రైల్వే అలాగే మధ్య రైల్వేలో కలిసింది. బెజవాడలో నిజాం లైను, మద్రాసు లైను, గుంతకల్లు నుంచి వచ్చిన సదరన్ మరాఠా కంపెనీ వాళ్ల మీటర్ గేజి (పట్టాల మధ్య మీటరు వెడల్పు) లైను కలిశాయి. అంత పెద్ద జంక్షన్ అయింది అందుకే.

మా ఊరి పక్కన ఒక చిన్న స్టేషన్ ఉంది. అక్కడి పాత షెడ్డుకు రైలు పట్టా ముక్కలే స్తంభాలు. రంగు మీద రంగు వేసి ఎంత మందంగా పేరుకున్నా, వేలితో తడిమితే 'ఎన్.జి.ఎస్.ఆర్.' అన్న ఇంగ్లీషు అక్షరాలు తగిలేవి. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్నమాట. చిన్నప్పుడు రైలు లేటైతే నాన్న నా వేలు పట్టుకుని వాటిని చదివించేవాడు. పోయినేడాది ఆధునికీకరణ పనుల్లో షెడ్డు తీసేశారు. స్తంభాలు తుక్కు లారీ ఎక్కాయి. ఒక్కటైనా ఉంచమని అడిగితే, కాంట్రాక్టులో అలాంటిదేమీ లేదన్నారు.

ఆ మాట కాంట్రాక్టులో ఉండాలి. పాత కట్టడం కూల్చేముందు కంపెనీల గుర్తులున్న స్తంభాలు, గంటలు, బెంచీలు జాబితా రాసి, కనీసం ఒక్కటి అదే స్టేషన్‌లో ఉంచాలి. పక్కనే తెలుగులో ఒక బోర్డు పెట్టాలి: ఈ లైను ఎవరు వేశారు, ఏ ఏడాది, ఎన్ని చేతులు మారింది. జోన్ల పంపకంలో లైన్ల పాత మ్యాపులు, రిజిస్టర్లు మూటలు కట్టి పంపేముందు స్కాన్ చేసి, రెండు జోన్లకూ తలా ఒక కాపీ ఇవ్వాలి. ఈ పని విభజన పూర్తయ్యేలోపే మొదలుపెట్టమని రైల్వే బోర్డును కోరుతున్నాను.

— ఒక ప్రయాణికుడు, కాజీపేట