ఈ ఆదివారం మహాభారతం: జూదం ఘట్టం

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం ఉదయం 9 గంటలకు మన సత్యనారాయణపురం అపార్టుమెంటు హాల్లో బి.ఆర్. చోప్రా మహాభారతం నుంచి జూదం ఘట్టం వేస్తున్నాం. పిల్లలను తప్పకుండా పంపండి, పెద్దవాళ్లూ రండి.

1988 అక్టోబరు 2న దూరదర్శన్‌లో మొదలై 1990 జూన్ దాకా సాగిన ధారావాహిక ఇది. సెట్లు, బాణాల పోరు ఇప్పటి కళ్లకు పాతగానే కనిపిస్తాయి. మీరు మాటలు వినండి. రాసినవారు రాహీ మాసూం రజా. కథ చెప్పేది కాలం. తెర మీద తిరిగే చక్రం, వెనక హరీష్ భిమానీ గొంతు. ఆ గొంతు వినగానే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

సభలో ద్రౌపది ప్రశ్న దగ్గర కాసేపు ఆపి మాట్లాడుకుందాం. తానే ఓడిపోయినవాడికి భార్యను పందెం ఒడ్డే హక్కు ఎక్కడిది? భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని తప్పుకుంటాడు. కౌరవుల్లో ఒక్క వికర్ణుడే ఆమె పక్షాన నోరు విప్పుతాడు. కురుక్షేత్రం కన్నా ఈ సభలోని మౌనమే నాకు భయంకరంగా తోస్తుంది. ఇంటికొచ్చి పిల్లలు దీని గురించి అడిగితే దయచేసి దాటవేయకండి.

పిల్లలకు హిందీ అంతంతమాత్రం కాబట్టి మూడో అంతస్తు మాస్టారు గారు మధ్యమధ్య తెలుగులో చెబుతామన్నారు. ముందు వారాల్లో కృష్ణ రాయబారం వస్తుంది. తిరుపతి వేంకట కవుల పద్యాలు లేకుండా బెజవాడలో రాయబారం చూడడానికి నాకు మనసొప్పదు. రాగం తీసి పాడగలవారు ఇప్పుడే చెప్పండి, హార్మోనియం ఉన్నవారు కూడా.

హాల్లో కుర్చీలు తక్కువ. వీలైనవారు చాపలు తెచ్చుకోండి.