ఆగితే సరిపోదు, పెట్టె మీది కోడ్ చదవాలి

సంపాదకులకు నమస్కారాలు.

పాఠకుల కంప్యూటర్ సందేహాలకు జవాబులిచ్చే మీ శీర్షికను నేను ప్రతి వారం చదువుతాను. ఈమధ్య ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, ఓవర్‌క్లాక్ చేసుకోవడానికి, అంటే ప్రాసెసర్‌ను కంపెనీ నిర్ణయించిన వేగానికి మించి నడుపుకోవడానికి, అనువైన డెస్క్‌టాప్‌ను అసెంబుల్ చేయించుకోవాలనుకుంటున్నానని, తాను ఎంచుకున్న ప్రాసెసర్‌కు త్వరలో కొత్త స్టెప్పింగ్ వస్తుందని స్నేహితులు అంటున్నారని, అందాకా ఆగమంటారా అని అడిగాడు. ఆగడమే మంచిదని ఒక్క వాక్యంలో జవాబిచ్చి ఊరుకున్నారు. ఆ జవాబు తప్పని నేననను, సగమే చెప్పారంటాను. మిగతా సగం తెలియక 2007లో మూడు నెలలు ఆగి కూడా పాత సరుకే ఇంటికి తెచ్చుకున్నవాణ్ణి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

స్టెప్పింగ్ అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ప్రాసెసర్ విడుదలయ్యాక కూడా దాని తయారీలో దిద్దుబాట్లు ఆగవు. బయటపడిన తప్పులను సవరించడానికో, కరెంటు వాడకం తగ్గించడానికో, పనికిరాకుండా పోయే చిప్‌ల సంఖ్య తగ్గించుకోవడానికో కంపెనీ ముద్రణ అచ్చుల్లో, అంటే మాస్కుల్లో, మార్పులు చేస్తుంది. అలా మారిన ప్రతి కూర్పుకూ ఒక అక్షరం, ఒక అంకె పేరుగా పెడతారు. సాధారణంగా పై లోహపు పొరల్లో మాత్రమే మార్పు జరిగితే అంకె మారుతుంది, అడుగు పొరల దాకా మార్పు వెళితే అక్షరమే మారుతుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే పేరు మాత్రం చాలాసార్లు ఏమీ మారదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఇంటెల్ కోర్ 2 క్వాడ్ క్యూ6600 అప్పట్లో ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్లందరి నోటా నానిన పేరు. నాలుగు కోర్లు, 2.4 గిగాహెర్ట్జ్, గుణకం 9, బస్ వేగం 266 మెగాహెర్ట్జ్. ఈ చివరి రెండింటినీ గుణిస్తే వచ్చేదే ప్రాసెసర్ వేగం. బస్‌ను 333కి పెంచితే 3 గిగాహెర్ట్జ్, 400కి పెంచితే 3.6 వస్తాయి. 2007 జనవరిలో వచ్చినది బీ3 స్టెప్పింగ్, దాని ఉష్ణ పరిమితి, అంటే హీట్‌సింక్ తీసేయవలసిన వేడికి కంపెనీ చెప్పే లెక్క, 105 వాట్లు. అదే ఏడాది జులైలో ధర ఒక్కసారిగా 530 డాలర్ల నుంచి 266 డాలర్లకు పడిపోయింది, దాదాపు అదే సమయంలో 95 వాట్ల జీ0 స్టెప్పింగ్ వచ్చింది. పైమూత మీద అనుమతించే గరిష్ఠ వేడి కూడా 62.2 డిగ్రీల నుంచి 71 డిగ్రీలకు పెరిగింది. పది వాట్ల తేడాకే ఇంత హడావిడి ఎందుకని మామూలుగా వాడేవారికి అనిపించవచ్చు. ఓవర్‌క్లాక్ చేసేవారికి అది పది వాట్లతో పోయేది కాదు. చిప్ వాడే శక్తి వేగంతో పాటు నేరుగా పెరుగుతుంది, వోల్టేజీ పెంచితే దాని వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. 1.25 వోల్టులను 1.4కు, 2.4 గిగాహెర్ట్జ్‌ను 3.6కు తీసుకెళితే శక్తి 1.88 రెట్లవుతుంది. తక్కువ వోల్టేజీతోనే అదే వేగం అందుకోగల చిప్ దొరికితే లాభం ఎంతో ఈ లెక్కను బట్టే తెలుస్తుంది.

ఈ లెక్క మన ప్రాంతంలో ఇంకొంచెం కఠినం. ప్రాసెసర్లను పరీక్షించి ఫలితాలు ప్రచురించేవారు ఎక్కువగా 20, 22 డిగ్రీల గదుల్లో కూర్చుని ఆ పని చేస్తారు. హీట్‌సింక్ చేసేది గది గాలికంటే చిప్ ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుందో దాన్ని అదుపులో ఉంచడమే తప్ప, గది గాలిని చల్లబరచడం కాదు. కాబట్టి గదిలో 16 డిగ్రీలు పెరిగితే చిప్‌లోనూ దాదాపు అంతే పెరుగుతుంది. విజయవాడలో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో ఓవర్‌క్లాక్ చేసిన యంత్రాన్ని నడిపినవారికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. అందుకే స్టెప్పింగ్ కోసం ఆగడం వేరే ఊళ్లలో సరదా అయితే కావచ్చు గానీ, మన దగ్గర దానికి తగిన కారణం ఉంది.

అప్పుడు నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పేవాణ్ణి. జులైలో జీ0 సంగతి చదివి, అది మన మార్కెట్ దాకా రావడానికి సమయం పడుతుందని అక్టోబరు వరకు ఆగాను. ఆదివారం కాని ఒక రోజు చూసుకుని, శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ వెళ్లి, పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల్లో నాలుగైదు తిరిగి, చివరికి ఒక చోట బేరం కుదుర్చుకున్నాను. కొత్త స్టెప్పింగేనా అని అడిగితే కౌంటర్‌లోని అబ్బాయి "కొత్త స్టాకే సార్, నిన్ననే దిగింది" అన్నాడు. నిన్న దిగిందన్న మాట నిజమే అయి ఉంటుంది. బిల్లు కొట్టి, డబ్బు లెక్కపెట్టుకున్నాక పెట్టె చేతికిచ్చారు. రైలు పట్టుకోవాలన్న తొందరలో సంచిలో వేసుకుని వచ్చేశాను. రాత్రి ఇంటికొచ్చి పెట్టె విప్పి, ట్యూబులైటు కింద ప్రాసెసర్ పైమూతను అటూ ఇటూ వాలుస్తూ చూస్తే రెండో వరుస చివర ఎస్ఎల్9యూఎం అని కనిపించింది. అది బీ3 కోడ్. జీ0 అయితే ఎస్ఎల్ఏసీఆర్ ఉండాలి. ఇంకా బాధాకరమైన సంగతేమిటంటే, ఆ కోడ్ పెట్టె మీది తెల్ల లేబుల్‌పై బార్‌కోడ్ పక్కనే అచ్చయి ఉంది. సీల్ విప్పకుండానే, డబ్బివ్వక ముందే, చదవగలిగేవాణ్ణి. మర్నాడు ఫోన్ చేస్తే సీల్ విప్పిన సరుకు వాపసు తీసుకోబోమన్నారు, "రెండూ క్యూ6600లే కదా సార్" అని కూడా అన్నారు. వారి లెక్కలో అదీ నిజమే. పెట్టె మీది సరుకు సంఖ్య బీఎక్స్80562క్యూ6600 రెండింటికీ ఒకటే, ధరా ఒకటే, బిల్లు మీద రాసేదీ అదే పేరు.

జనవరిలో ఆ బీ3ని 3.2 గిగాహెర్ట్జ్ దగ్గర నిలబెట్టాను. ప్రాసెసర్‌పై పూర్తి భారం వేసి పరీక్షించే ప్రైమ్95 ప్రోగ్రామ్‌ను గంటసేపు నడిపినా 66 డిగ్రీలు దాటలేదు. మే వచ్చేసరికి అవే సెట్టింగ్‌లతో 80కి చేరి, అరగంటకే యంత్రం బిగుసుకుపోయేది. 3 గిగాహెర్ట్జ్‌కు దించుకున్నాక గానీ వేసవి గడవలేదు. గుంటూరులో ఒక మిత్రుడికి అదే మదర్‌బోర్డు, అదే హీట్‌సింక్ మీద జీ0 ఉండేది, ఆయన అదే మే నెలలో 3.4 నడిపాడు. అయితే జీ0 అన్న పేరుంటే చాలునని కూడా ఎవరూ అనుకోకూడదు. నా విద్యార్థి ఒకడు కొన్న జీ0కి ఫ్యాక్టరీ నిర్ణయించిన వోల్టేజీ 1.3125, మిత్రుడిదానికి 1.2250. ఆ విద్యార్థి చిప్ ఎంత తంటాలు పడినా 3.2 దాటలేదు. ఒకే స్టెప్పింగ్‌లో, చిప్‌లను కోసి తీసే ఒకే సిలికాన్ బిళ్లలో (వేఫర్‌లో) కూడా చిప్‌కూ చిప్‌కూ తేడా ఉంటుంది. కొత్త కూర్పు సగటును మెరుగుపరుస్తుందే గానీ మీ చేతిలో పడే చిప్‌కు హామీ ఇవ్వదు.

ఈ గందరగోళం తప్పనిసరేమీ కాదు. ఏఎండీ 2007 నవంబరులో ఫెనామ్ ప్రాసెసర్లను విడుదల చేసినప్పుడు వాటి బీ2 స్టెప్పింగ్‌లో మెమరీ చిరునామాలను గుర్తుంచుకునే టీఎల్‌బీ అనే భాగంలో దోషం బయటపడింది. అరుదుగానైనా యంత్రం కుప్పకూలే ప్రమాదం ఉండడంతో బయోస్ (యంత్రాన్ని ఆన్ చేయగానే నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) ద్వారా అడ్డుకట్ట వేశారు, దానితో పనితీరు తగ్గింది. దోషం సరిచేసిన బీ3 కూర్పు (ఇంటెల్ బీ3తో దీనికి సంబంధం లేదు) 2008 మార్చిలో వచ్చింది. అప్పుడు ఏఎండీ చేసిన మంచి పని, మోడల్ అంకెల చివర 00 బదులు 50 పెట్టడం. 9600 అంటే పాతది, 9650 అంటే సరిచేసినది. దుకాణంలో ఎవరినీ నమ్మనక్కర్లేదు, భూతద్దమూ అక్కర్లేదు. ఆ నాలుగు నెలలు ఆగినవారు తాము ఆగిన వస్తువునే ఇంటికి తీసుకెళ్లారు.

ప్రాసెసర్ మీదే కళ్లు పెట్టుకుని కూర్చోవడం కూడా కుదరదని 2011 చెప్పింది. ఆ జనవరిలో ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లు మార్కెట్లోకి వచ్చాయి, వాటిలో తప్పేమీ లేదు. నెలాఖరున, 31వ తేదీన, వాటికి తోడుగా వచ్చిన మదర్‌బోర్డు చిప్‌సెట్‌లో, అంటే ప్రాసెసర్‌ను మిగతా పరికరాలతో కలిపే చిప్‌లో, దోషముందని కంపెనీయే ప్రకటించింది. హార్డ్‌డిస్కులు తగిలించే శాటా పోర్టుల్లో సెకనుకు 3 గిగాబిట్లవి కాలక్రమంలో బలహీనపడవచ్చని, 6 గిగాబిట్ల పోర్టులకు ఇబ్బంది లేదని తేలింది. సరిచేసిన చిప్‌సెట్‌కు బీ3 అని పేరు, దాన్ని అమర్చిన బోర్డుల పెట్టెల మీద చాలా తయారీదారులు బీ3 అని స్పష్టంగా ముద్రించారు. ఇక్కడ కూడా చూడవలసింది పెట్టెనే, కాకపోతే వేరే పెట్టె.

ఇప్పటి సంగతికి వస్తే, మీ శీర్షికలోని జవాబు మరింత వివరంగా ఉండవలసింది. 2021లో ఏఎండీ తన రైజెన్ 5000 ప్రాసెసర్లను బీ2 కూర్పుకు మారుస్తున్నప్పుడు, దానివల్ల పనితీరులో గానీ సౌకర్యాల్లో గానీ మెరుగుదల ఉండదని, తయారీ, సరఫరా వెసులుబాటు కోసమే మారుస్తున్నామని తానే చెప్పింది. అయినా దానికోసం ఎదురుచూసినవారిని నేనెరుగుదును. కంపెనీ లేదంటున్నా వినని ఎదురుచూపుకు మందు లేదు. ఇక 2024లో ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్ల వ్యవహారం చూడండి. అవసరానికి మించిన వోల్టేజీ అడగడం వల్ల కొన్ని చిప్‌లు క్రమంగా దెబ్బతింటున్నాయని తేలాక, పరిష్కారం కొత్త స్టెప్పింగ్‌గా రాలేదు. ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ అనే మైక్రోకోడ్‌లుగా (ప్రాసెసర్ లోపలి నియంత్రణ ఆదేశాలుగా), మదర్‌బోర్డు బయోస్ అప్‌డేట్ ద్వారా వచ్చింది. దానికి తోడు వారంటీని రెండేళ్లు పొడిగించారు. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఆ అప్‌డేట్ బాగుచేయదు. కాబట్టి వీటిలో ఏదైనా కొనేవారు కొత్త కూర్పు కోసం నెలల తరబడి ఆగనక్కర్లేదు, మొదటిసారి యంత్రం ఆన్ చేసిన రోజునే బయోస్ అప్‌డేట్ చేసుకుని, ఆ తర్వాతే వోల్టేజీ జోలికి వెళ్లాలి. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారికి ఈ మాట రెండింతలు వర్తిస్తుంది.

పైగా ఇప్పటి ప్రాసెసర్లు తమ శక్తిలో దాదాపు చివరి అంచు దాకా ఫ్యాక్టరీలోనే పరుగెత్తి వస్తున్నాయి. కోర్ ఐ9 14900కే తనంతట తానే 6 గిగాహెర్ట్జ్ దాకా వెళుతుంది. 2.4ను 3.6 చేసినట్టు యాభై శాతం మిగులు ఇప్పుడు దేనిలోనూ ఉండదు. ఆగితే దక్కే లాభం ఆ మేరకు చిన్నదైపోయింది. దోషం ఉన్నట్టు కంపెనీ ఒప్పుకుని, దిద్దుబాటుకు తేదీ చెప్పినప్పుడు ఆగడంలో అర్థముంది. ఎవరో అన్నారని, ఏ తేదీ లేకుండా ఆగడం మాత్రం చదువుకునే కుర్రాడికి ఒక సెమిస్టరు నష్టం.

మీ ద్వారా దుకాణదారులకు ఒక విన్నపం. కొనేవారు అడిగితే బిల్లు వేయకముందే పెట్టెను చేతికివ్వండి, లేబుల్ మీది కోడ్‌ను బిల్లులో క్రమసంఖ్య పక్కన రాసివ్వండి. దీనికి అరనిమిషం పడుతుంది. సరుకు నాణ్యత, ప్రమాణం గురించి తెలుసుకునే హక్కును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది గానీ, ఇంత చిన్న విషయానికి చట్టం దాకా పోవాలని నేను కోరను. పెట్టె లేకుండా ట్రేలో వచ్చే ప్రాసెసర్లు అమ్మేవారైతే పైమూత మీది రాతనే చూపించవచ్చు.

మీ శీర్షిక నిర్వాహకులు వచ్చే వారం ఆ విద్యార్థికి జవాబును పూర్తి చేస్తారని ఆశిస్తున్నాను. వారికి ఉపయోగపడుతుందని, 2007 నాటి నా ప్రాసెసర్ పెట్టె ఫోటో ఒకటి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. లేబుల్‌పై కోడ్ ఉన్న చోట ఎర్ర సిరాతో గుండ్రం చుట్టాను. అక్షరాలు మరీ సన్నగా ఉంటాయి కనుక అచ్చు వేసేటప్పుడు ఆ మూలను కాస్త పెద్దది చేసి వేయగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ